ఉంగరం చెడకుండా సాపు చేసే చెయ్యి

నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి ఒక రోజు దుకాణం మూసుకుని మరీ వచ్చిన పార్లర్ అక్కచెల్లెళ్లారా, సెలూన్ అన్నదమ్ములారా,

ఇవాళ నన్ను మాట్లాడమన్న విషయం: కెమికల్ లేకుండా ఉంగరాల జుట్టును సాపు చేసే నేర్పు ఉన్న మనిషిని పట్టుకోవడం ఎలా? ఇది మన దగ్గరికొచ్చే ఆడపిల్లలు అడిగే ప్రశ్న. జవాబు చెప్పాల్సింది మాత్రం మనమే. నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా క్లాక్ టవర్ దగ్గర నిలబడి నాలుగు అడుగులేస్తే చాలు, స్మూతనింగ్, కెరాటిన్, బొటాక్స్ అనే బోర్డులు కనిపిస్తాయి. ఒట్టి నీళ్లు, దువ్వెన, వేడిగాలితో జుట్టు సాపు చేస్తామని రాసిన బోర్డు వెతికినా దొరకదు.

ఉంగరాల జుట్టు ఈ నేలకు కొత్త కాదు. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు 19వ శతాబ్దంలో ఆఫ్రికా మూలాలున్న, ఉంగరాల జుట్టున్న సిద్దీలతో అంగరక్షక దళం పెట్టుకున్నాడు. తర్వాత ఆ దళం నిజాం సైన్యంలో చేరింది. వాళ్లు స్థిరపడ్డ చోటే నేటి హైదరాబాదు ఏ.సి. గార్డ్స్. కాబట్టి ఉంగరాల జుట్టును రోగంలా చూసి వైద్యం చేయాల్సిన పని లేదు. పెళ్లికో ఫొటోకో నాలుగు రోజులు సాపుగా ఉండాలని ఒక పిల్ల కోరుకుంటే, ఆ ముచ్చట తీర్చి, ఆమె జుట్టును ఆమెకు క్షేమంగా అప్పజెప్పడం మన పని.

ఇంతకీ జుట్టు సాపు అవుతుందంటే లోపల ఏం జరుగుతోంది? వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీన్. దాని ఆకారాన్ని పట్టి ఉంచే కట్లలో మనకు ముఖ్యమైనవి రెండు. ఒకటి హైడ్రోజన్ బంధాలు. ఇవి నీళ్లు తగిలితే విడిపోతాయి, ఆరితే మళ్లీ కలుస్తాయి. నూలు చీరకు నీళ్లు చల్లి ఇస్త్రీ చేస్తే ముడత పోతుంది, మళ్లీ తడిస్తే ముడత వస్తుంది. ఇక్కడా అంతే. రెండోది గంధకపు బంధాలు. ఇవి నీళ్లకు లొంగవు. రీబాండింగ్‌లో వాడే థయోగ్లైకోలేట్ వీటిని తెంచుతుంది, ఆ తర్వాత రాసే పెరాక్సైడ్ కొత్త ఆకారంలో అతికిస్తుంది. అతికించినా వెంట్రుక మునుపటి బలానికి రాదు. పైగా నెలకు సుమారు సెంటీమీటరు చొప్పున కుదుళ్ల నుంచి పాత ఉంగరమే పెరుగుతుంది. కొత్తదీ పాతదీ కలిసే చోట వెంట్రుక పుటుక్కున తెగుతుంది.

కెరాటిన్ ట్రీట్‌మెంట్ అని మనం పిలిచే వాటి సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పుకోవాలి. వీటిలో చాలావాటి నుంచి ఐరన్ వేడికి ఫార్మాల్డిహైడ్ ఆవిరి బయటికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఫార్మాల్డిహైడ్ లేదని లేబుల్ మీద రాసిన సీసాల్లో కూడా అది ఉందని 2011లో అమెరికా వృత్తి భద్రతా సంస్థ హెచ్చరించింది. దాని బదులు వచ్చిన గ్లైఆక్సిలిక్ ఆమ్లం క్రీముల వల్ల ఒక యువతికి మూడుసార్లు మూత్రపిండాలు దెబ్బతిన్న కేసు 2024లో ప్రసిద్ధ వైద్య పత్రికలో వచ్చింది. అమెరికాలో 33,497 మంది స్త్రీలను సుమారు 11 ఏళ్లు గమనించిన అధ్యయనం ఫలితాలు 2022లో వెలువడ్డాయి. స్ట్రెయిటనింగ్ ఉత్పత్తులు వాడనివాళ్లలో 70 ఏళ్లు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతమైతే, ఏడాదికి నాలుగుసార్లకు మించి వాడినవాళ్లలో 4.05 శాతమని అందులో అంచనా వేశారు. క్యాన్సర్‌కు ఆ ఉత్పత్తులే కారణమని ఆ అధ్యయనం తేల్చలేదు, రెండింటికీ సంబంధం కనిపించిందని చెప్పింది. అయినా ఆలోచించండి. కస్టమర్ ఆ ఆవిరిని పీల్చేది ఎప్పుడో ఒకసారి. కిటికీ లేని గదిలో రోజంతా పీల్చేది మనం, మన దగ్గర పని నేర్చుకునే పిల్లలు.

కెమికల్ లేకుండా ఈ పని సాధ్యమేనా అంటే, ప్రపంచంలో ఎందరో దీన్నే బతుకుతెరువుగా చేసుకున్నారు. ప్యారిస్‌లో మార్సెల్ గ్రాతో 1872 ప్రాంతంలో వేడి పటకారుతో జుట్టు తీర్చిదిద్దే పద్ధతి తెచ్చాడు. అమెరికాలో నల్లజాతి మహిళ మేడమ్ సి.జె. వాకర్ కేశ సంరక్షణ వ్యాపారం పెట్టి, వేలమంది స్త్రీలకు ఈ వృత్తిలో దారి చూపింది. డొమినికన్ రిపబ్లిక్ నుంచి న్యూయార్క్ వెళ్లిన ఆడవాళ్లు గట్టి ఉంగరాల జుట్టును తడి మీద పెద్ద రోలర్లకు చుట్టి, ఆరబెట్టి, గుండ్రటి బ్రష్‌తో బ్లో డ్రై చేసి సాపు చేస్తారు. వాళ్ల సెలూన్లకు అదే పేరు తెచ్చింది.

ఆ పని దగ్గరి నుంచి ఎలా ఉంటుందో చెబుతాను. నేర్పున్న మనిషి ముందు పొడి జుట్టును వేళ్లతో తడిమి చూస్తుంది. ఇదివరకు రీబాండింగ్ చేయించావా, గోరింటాకులో రంగు కలిపి పెట్టుకున్నావా అని అడుగుతుంది. తలంటాక కండిషనర్ రాసి, వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి పైకి వస్తూ చిక్కు తీస్తుంది. తువ్వాలుతో రుద్దదు, అద్దుతుంది. జుట్టును నాలుగు భాగాలు చేసి క్లిప్పులు పెట్టి, మెడ దగ్గరి నుంచి మొదలుపెడుతుంది. ఒక్కో పాయ రెండు వేళ్ల వెడల్పుకు మించదు. పాయను బ్రష్ మీద బిగువుగా పట్టి, డ్రయ్యర్ మూతిని కుదుళ్ల నుంచి కొసల వైపు వంచి నడిపిస్తుంది. చివర చల్లగాలి కొట్టి, పాయ చల్లారేదాకా కదపదు. ఐరన్ వాడాల్సి వస్తే జుట్టు పూర్తిగా ఆరాకే, 180 డిగ్రీల లోపే, ఒకటి రెండు సార్లే. తడి జుట్టు మీద ఐరన్ పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు లేస్తాయి. అక్కడే తెగుతుంది.

మన ప్రాంతానికి ఒక అనుకూలం, ఒక ప్రతికూలం ఉన్నాయి. గాలి పొడిగా ఉండే నేల మనది, అందుకే వానాకాలం తప్పిస్తే కోస్తా కంటే ఇక్కడ బ్లో డ్రై ఎక్కువ రోజులు నిలుస్తుంది. ప్రతికూలం బోరు నీళ్లు. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. అది పళ్లకూ ఎముకలకూ చేసిన కీడు మన పల్లెలకు తెలుసు. జుట్టును బిరుసు చేసేది మాత్రం ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. సబ్బుతో కలిసి అవి తెట్టె కట్టి వెంట్రుకను పట్టుకుంటాయి. కుంకుడు రసం అలా తెట్టె కట్టదు. చివరి కడుగుకు నల్లా ద్వారా వచ్చే కృష్ణా నీళ్లో, ఫిల్టర్ నీళ్లో ఒక బకెట్ పక్కన పెట్టుకోండి, తేడా మీ వేళ్లకే తెలుస్తుంది. ఇక నూనెలు. తలంటుకు ముందు కొబ్బరినూనె రాస్తే జుట్టు నుంచి ప్రోటీన్ పోవడం తగ్గుతుందని ముంబై శాస్త్రవేత్తలు 2003లో చూపించారు. ఆముదం మన చేన్లలో పండేదే, పాలెం పరిశోధన కేంద్రం క్రాంతి, హరిత లాంటి రకాలిచ్చింది. దాన్నీ తలంటుకు ముందే రాయాలి. నూనె జుట్టు మీద ఐరన్ పెట్టకూడదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. నేర్పరి కోసం వెతికే అమ్మాయికి నేను చెప్పేది ఇది. పెళ్లి జడలు బాగా అల్లే మనిషి దగ్గర మొదలుపెట్టు, పాయను బిగువుగా పట్టడం ఆ చేతికి అలవాటే. ఆమె ఏం రాస్తోందో సీసా చూపించమని అడుగు. కళ్లు మండినా, గొంతు పట్టినా లేచి వచ్చెయ్. ఐరన్ మీద డిగ్రీలు కనిపించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఎన్నాళ్లుంటుందని అడుగు. ఆరు నెలలుంటుందని చెబితే అందులో కెమికల్ ఉంది. తలస్నానం చేసేదాకా ఉంటుందని చెబితే ఆమె నిజం చెబుతోంది. ఆ తర్వాత తలంటుకుని చూసుకో. ఉంగరం మునుపటిలాగే తిరిగొస్తే పని బాగా చేసినట్టు. ఎక్కడైనా పాయ వదులుగా, పీచులా వేలాడుతుంటే వేడి మితిమీరినట్టు. సాపు ఎంత నిగనిగలాడిందన్నది కాదు, ఉంగరం ఎంత క్షేమంగా తిరిగొచ్చిందన్నదే మన పనితనానికి కొలత.

ఇది మనకు నష్టం కాదు. కెమికల్ పని ఆరు నెలలకోసారి, బ్లో డ్రై ప్రతి పండక్కీ పెళ్లికీ. నాయీబ్రాహ్మణ సెలూన్లకు 2021 ఏప్రిల్ నుంచి 250 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. డ్రయ్యర్ తిప్పడానికి వెనకాడాల్సిన పని లేదు.

కాబట్టి మీ అందరినీ మూడు పనులు కోరుతున్నాను. ధరల బోర్డు మీద బ్లో డ్రై అని రాసి, పక్కనే తలస్నానం దాకా అని రాయండి. వాడే ప్రతి సీసా లేబుల్ కస్టమర్‌కు కనిపించేలా పెట్టండి. పని నేర్చుకునే పిల్లలకు క్రీము ముట్టనిచ్చే ముందు బ్రష్ పట్టడం నేర్పండి. చేతిలో పనితనం ఉన్నవాళ్లకు సీసా అవసరం తగ్గుతుంది. అప్పుడు కెమికల్ లేకుండా ఎవరు చేస్తారని అడిగే ఆడపిల్లకు మిర్యాలగూడలోనో, జడ్చర్లలోనో, గద్వాలలోనో మన పేర్లే వినిపించాలి.