ముందు ప్రేక్షకుడు, తర్వాత ప్రసారం

(విక్రమ్ సారాభాయ్ స్మారకోపన్యాసం)



సారాభాయ్ పేరు చెప్పగానే మనకు రాకెట్లు గుర్తొస్తాయి. ఈ సాయంత్రం నేను ఢిల్లీ పరిసరాల్లోని 80 పల్లెల్లో పెట్టిన టీవీ సెట్ల గురించి మాట్లాడతాను. ఆయన దూరదృష్టి ఎంతటిదో నాకు అక్కడే బాగా తెలిసింది.

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో, ఆకాశవాణిలో భాగంగా పుట్టింది. రోజువారీ ప్రసారాలు 1965లో మొదలయ్యాయి. 1972లో బొంబాయి కేంద్రం వచ్చేదాకా దేశమంతటికీ ఉన్నది ఆ ఒక్క కేంద్రమే. వరుస కరువులతో, దిగుమతి గోధుమల మీద బతుకుతున్న దేశానికి ఇంత ఖరీదైన సరదా ఎందుకని అడిగినవారిని తప్పుపట్టలేం.

ఆ ప్రశ్నకు సారాభాయ్ చేతలతో జవాబిచ్చారు. హోమీ భాభా మరణానంతరం 1966లో అణుశక్తి సంఘం పగ్గాలు ఆయన చేతికొచ్చాయి. 1967 జనవరి 26న ఆ 80 పల్లెల రైతుల కోసం ‘కృషి దర్శన్’ టీవీ కార్యక్రమం ప్రారంభమైంది. అణుశక్తి శాఖ, ఆకాశవాణి, భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ, ఢిల్లీ పాలనా యంత్రాంగం ఇందులో చేయి కలిపాయి.

ఇక్కడ సెట్టు ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఊరందరిదీ. రైతులు ఒకచోట చేరి చూశారు, చూసినదాన్ని చర్చించుకున్నారు. పొట్టి గోధుమ వంగడాలు అప్పుడప్పుడే పొలాల్లోకి వస్తున్నాయి. వాటిని పాత రకాల మాదిరి లోతుగా విత్తితే మొలక సరిగా రాదు. తొలి తడి అదనుకు ఇవ్వాలి, ఎరువు కొలతగా వేయాలి. ఇలాంటి పనులు చెవిన పడితే చాలవు, కళ్లబడాలి. బొమ్మతో పాఠం చెప్పడానికి అంతకన్నా తగిన సమయం ఏముంటుంది? సెట్లు చెడిపోతే బాగుచేయించే ఏర్పాటు కూడా పథకంలోనే ఉండడం గమనించండి. ఊళ్లో సెట్టు మూగబోతే స్టూడియోలో ఎంత మంచి కార్యక్రమం తీసినా ఆ ఊరికి అందదు.

ఆ అనుభవం నుంచే సారాభాయ్ మరో అడుగు వేశారు. నేలమీది ట్రాన్స్‌మిటర్లను ఒక్కొక్కటిగా నిలబెడుతూ పోతే నగరాలకు ముందు, మారుమూల ఊళ్లకు చిట్టచివర టీవీ చేరుతుంది. ఉపగ్రహానికి ఆ వరస లేదు. 1969 సెప్టెంబరులో ఉపగ్రహ ప్రసారాల కోసం నాసాతో ఒప్పందం కుదిరింది. 1971 డిసెంబరులో ఆయన కన్నుమూశారు. ఆయన తలపెట్టిన ప్రయోగం ‘సైట్’ పేరుతో 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెల్లో సాగింది. వాటిలో అప్పటి మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి, ప్రసార భాషల్లో తెలుగూ ఉంది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది 1977లో. అంటే రాజధాని నగరానికి సొంత కేంద్రం రాకముందే తెలుగు పల్లెలు తెలుగులో టీవీ చూశాయి. నగరానికి ముందు పల్లెకు చేరిన ఆధునిక సాధనాలు మన చరిత్రలో ఎన్నున్నాయి?

ఉపగ్రహం అమెరికాది. గడువు తీరగానే, 1976 జులై 31తో ఆ ప్రసారాలు ముగిశాయి. అదే ఏడాది జనవరిలో దూరదర్శన్ తెరమీదికి వాణిజ్య ప్రకటనలు వచ్చాయి. సంస్థ నడవడానికి డబ్బు కావాలి, కాదనను. కానీ ప్రకటనకర్త వెతికేది కొనగలిగిన ప్రేక్షకుణ్ణి. తెలుసుకోవలసిన అవసరం ఎక్కువగా ఉన్న ప్రేక్షకుడు ఆ లెక్కలో వెనక్కి పోతాడు. ఈ మార్పు సాంకేతికత తెచ్చింది కాదు, మన ఎంపిక తెచ్చింది.

కనుక ప్రసార సంస్థల బాధ్యులకు నా మనవి ఒక్కటే. కొత్త ఛానల్‌కు అనుమతి ఇచ్చేముందు, కొత్త కార్యక్రమానికి డబ్బు కేటాయించేముందు, అది ఎవరికి ఉపయోగపడాలో కాగితం మీద రాయండి. అందరికన్నా వెనకబడినవారికి అది ఎలా చేరుతుందో ఆ కింద రాయండి. ఏడాది తిరిగాక వాళ్ల దగ్గరికే వెళ్లి, చేరిందో లేదో అడగండి. 1967లో, ఒకే ఒక్క కేంద్రమున్న పేద దేశం ఆ పని చేయగలిగింది. ఇన్ని వందల ఛానళ్లున్న మనం చేయలేమంటే ఒప్పుకోవడానికి నేను సిద్ధంగా లేను.