రజతోత్సవ సంచిక ఎందుకు ఆలస్యమైంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల్లో, 2024 డిసెంబరులో చేసిన ప్రసంగ పాఠం)

 

"కంప్యూటర్ రంగంలో మీ అనుభవాలు" అనే విషయం మీద మాట్లాడమని కమిటీవారు అన్నారు. పాతికేళ్ళ అనుభవం పావుగంటలో చెప్పలేను. ఒక్క కంప్యూటర్ గురించి మాత్రం చెబుతాను. నిన్న రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు, "అంకుల్, ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేస్తే పాడైపోతుందా?" అని అడిగాడు. "జాగ్రత్తగా చేస్తే పాడవదులే" అని అప్పటికి తప్పించుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్నకు నేను చెప్పాల్సిన జవాబు మన ఊళ్ళోనే, మన సంఘంలోనే ఉంది.

1999 మే నెలలో జరిగిన మన రజతోత్సవ సభ పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ముఖ్య అతిథి రిబ్బను విప్పి ఆవిష్కరించిన సంచికలో అట్ట తప్ప అక్షరం లేదు. లోపలంతా తెల్ల కాగితాలు. మా తెలుగు మాస్టారు తన వ్యాసం అచ్చులో చూసుకోవాలని పొరుగూరి నుంచి బస్సెక్కి వచ్చారు. ఆ తెల్ల కాగితాలు ఒక్కొక్కటే తిప్పి, "నాది ఏ పేజీలో ఉందిరా?" అని అడిగారు. సంచిక జూన్‌లో పోస్టులో అందింది. తప్పంతా డీటీపీ చేసిన అన్న మీదికి పోయింది. ఆయన కూడా మన స్కూలే, నాకంటే ఆరేళ్ళు సీనియర్. ఇప్పుడు మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నారు. ఆ తప్పు ఆయనది కాదు, నాది.

అప్పుడు నేను సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక దుకాణంలో కంప్యూటర్లు బిగించే పని చేసేవాణ్ణి. వయసు ఇరవై ఒకటి. ఆ రోజుల్లో మా కుర్రాళ్ళందరి నోటా ఒకటే పేరు, ఇంటెల్ సెలెరాన్ 300ఏ. 1998 ఆగస్టులో వచ్చింది. చవక రకం చిప్. దాని వేగం 300 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకు 30 కోట్ల టిక్కులు. మదర్‌బోర్డు బస్సు వేగం 66, దాన్ని చిప్ లోపల నాలుగున్నరతో హెచ్చిస్తే 300. ఆ నాలుగున్నరను మార్చడానికి వీల్లేకుండా కంపెనీ తాళం వేసింది. బస్సు వేగానికి మాత్రం తాళం లేదు. 440బీఎక్స్ చిప్‌సెట్ ఉన్న బోర్డు మీద 66ను 100 చేస్తే నాలుగున్నర రెట్లు 450 అవుతుంది. పైసా ఖర్చు లేకుండా ఖరీదైన పెంటియం-2 వేగం.

ఇంకో సుఖం కూడా ఉంది. బస్సును 75కో 83కో పెంచితే దానితోపాటు పీసీఐ బస్సు కూడా 33 దాటి పరుగెత్తి హార్డ్‌డిస్క్‌లో రాసేవి పాడయ్యే ప్రమాదం ఉండేది. 100 దగ్గర మాత్రం బోర్డు దాన్ని మూడుతో భాగించి మళ్ళీ 33కే తెచ్చేది. అందుకే ఆ చిప్ అంత పేరు తెచ్చుకుంది.

అన్న 1999 జనవరిలో కంప్యూటర్ కొనడానికి నా దగ్గరికి వచ్చారు. "300 ధరకే 450 ఇస్తానన్నా" అన్నాను. ఆయనకు నా మీద నమ్మకం, మన ఊరి కుర్రాడు కదా. అది ఎలా వస్తుందో చెప్పలేదు, ఆయన అడగలేదు.

ఆ చిప్ 450లో విండోస్ దాకా వచ్చి ఆగిపోయేది. అందుకని బయోస్‌లో కోర్ వోల్టేజీని 2.0 నుంచి 2.2కు పెంచాను. అప్పుడు నిలబడింది. ప్రైమ్95 అనే ప్రోగ్రాం పెట్టి రాత్రంతా లెక్కలు చేయించాను, ఒక్క తప్పు రాలేదు. చలికాలం రాత్రి, దుకాణంలో చల్లగా ఉంది. పెట్టె కట్టి బస్సు మీద వేసి పంపించాను.

పిల్లలూ, వోల్టేజీ పెంచితే చిప్ ఎందుకు నిలబడిందో మన స్కూలు లెక్కలోనే చెబుతాను. మన పీరియడు 45 నిమిషాలు. అటెండరు 30 నిమిషాలకే గంట కొడితే మాస్టారు అదే పాఠం 30 నిమిషాల్లో ముగించాలి. ముగియకపోతే సగం పాఠం మీదే తర్వాతి పీరియడు మొదలవుతుంది. చిప్‌లో టిక్కు ఆ గంటలాంటిది. 300లో ఒక్కో టిక్కుకు 3.33 నానోసెకన్లు ఉంటే 450లో 2.22 మాత్రమే. ట్రాన్సిస్టర్లు ఆలోగా సున్నా నుంచి ఒకటికి, ఒకటి నుంచి సున్నాకు మారిపోవాలి. వోల్టేజీ పెంచడమంటే మాస్టారిని గొంతు పెంచి గబగబా చెప్పమనడం. పాఠం ముగుస్తుంది, మాస్టారికి చెమటలు పడతాయి.

ఎంత చెమట? చిప్‌లో పుట్టే వేడి వేగాన్ని బట్టీ, వోల్టేజీ వర్గాన్ని బట్టీ పెరుగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లు. వోల్టేజీ 1.1 రెట్లు, దాని వర్గం 1.21. రెండూ హెచ్చిస్తే 1.8 పైచిలుకు. వేగం 50 శాతం పెరిగితే వేడి 80 శాతం పెరిగిందన్నమాట. ఈ వర్గం సంగతి మా ఫిజిక్స్ మాస్టారు ఇస్త్రీపెట్టె లెక్కలో చెప్పారు. పరీక్షలో రాశాను, పనిలో మరిచిపోయాను.

అంతకంటే పెద్దది ఇంకొకటి మరిచిపోయాను. హీట్‌సింక్, ఫ్యాన్ చిప్‌ను గది కంటే చల్లగా చేయలేవు. గది వేడి మీద చిప్ వేడి కూడుతుంది, అంతే. జనవరి రాత్రి గది 24 డిగ్రీలు. మన ఊళ్ళో మే నెలలో, రేకుల కప్పు కింద, మధ్యాహ్నం గది 42. అంటే చిప్ కూడా 18 డిగ్రీలు ఎక్కువ వేడిగా నడుస్తుంది. వేడెక్కిన ట్రాన్సిస్టర్లు ఇంకా నెమ్మదిస్తాయి, పాఠం మళ్ళీ మిగిలిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, రెంటచింతల మనకు పొరుగే. ఆ ఎండ కోసం నేను గీత కూడా వదల్లేదు.

మే మూడో వారంలో అన్న ఫోన్ చేశారు. "ఒరేయ్, ఇది పొద్దున బాగానే ఉంటోంది. మధ్యాహ్నం ఆగిపోతోంది. పక్క రేకు తీసి టేబుల్ ఫ్యాన్ పెడితే కాసేపు నడుస్తోంది" అన్నారు. ఆ మాట విన్న క్షణంలోనే నాకు సంగతి తెలిసిపోయింది. "కరెంటు హెచ్చుతగ్గులన్నా, వచ్చి చూస్తాలే" అన్నాను.

నేను వచ్చేలోపు జరగాల్సింది జరిగింది. ఆగిపోయే కంప్యూటర్ కనీసం ఆగిపోయానని చెబుతుంది. ఆగకుండా తప్పు చేసేదే ప్రమాదం. సంచిక పేజ్‌మేకర్ ఫైలు సేవ్ అవుతూ అవుతూ పాడైంది. పాడైన సంగతి తెలియక అన్న దాన్నే పాత ఫ్లాపీల మీద కాపీ చేసుకున్నారు. సభకు మూడు రోజుల ముందు తెరిస్తే తెరుచుకోలేదు. రాతప్రతులు ఉన్నాయి కాబట్టి ఆయన, వదినగారు కలిసి మళ్ళీ మొదటి నుంచి కొట్టారు. అప్పటికి సభ అయిపోయింది.

నేను వచ్చి బస్సును 66కు, వోల్టేజీని 2.0కు తిప్పాను. పది నిమిషాల పని. తర్వాత 2006లో తీసేసేదాకా అది ఒక్కసారి కూడా ఆగలేదు. ఆయనకు మాత్రం కరెంటు అనే చెప్పాను. ఆ మాట నమ్మి ఆయన మూడు వేలకు పైగా పెట్టి యూపీఎస్ కొన్నారు. నా చేతే కొన్నారు. సభలో అందరి మాటలూ పడ్డారు, నన్ను ఒక్క మాట అనలేదు.

ఈరోజు పొద్దున టిఫిన్ల దగ్గర ఆయనకు నిజం చెప్పాను. కాసేపు ఇడ్లీ వైపే చూశారు. "యూపీఎస్ డబ్బులు పోతే పోయాయిరా. మాస్టారికి ఏం చెప్పాలో తెలియక ఆ రోజు వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాను" అన్నారు. అందుకే ఇది ఆయన ఒక్కరికి చెబితే సరిపోదనిపించింది. అన్నా, ఈ సభ ముందు నన్ను క్షమించమని అడుగుతున్నాను.

ఇక ఆ అబ్బాయికి జవాబు. ఇప్పటి ప్రాసెసర్లు తమంతట తామే వేగం పెంచుకుంటాయి, వేడెక్కితే తగ్గించుకుంటాయి. మే నెలలో నీ గేమ్ నెమ్మదించేది తరచు అందుకే. ద్రవ నైట్రోజన్, అంటే మైనస్ 196 డిగ్రీలది పోసి రికార్డులు కొట్టేవాళ్ళున్నారు. 2011లో ఏఎండీ చిప్ ఒకటి అలా 8.4 గిగాహెర్ట్జ్ దాటింది. అది పందెం, కాసేపటి ముచ్చట. రోజూ పనిచేసే యంత్రానికి వోల్టేజీయే అసలు శత్రువు. ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ వేడి కలిస్తే చిప్ లోపలి సన్నని లోహపు తీగలు, ట్రాన్సిస్టర్లు నెలల తరబడి లోలోపల అరిగిపోతాయి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని అస్థిరంగా మారడానికి అవసరానికి మించిన వోల్టేజీ ఒక కారణమని ఆ కంపెనీయే ఈ ఏడాది చెప్పి, వారంటీ రెండేళ్ళు పొడిగించింది. అలా అరిగినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

కాబట్టి చేయదలిస్తే చెయ్యి బాబూ, నేర్చుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు. మొదట మంచి కూలర్ పెట్టు, థర్మల్ పేస్టు పలచగా రాయి. వేగాన్ని 100 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచి ప్రతిసారీ గంటసేపు పరీక్షించు, వేడి ఎంతో రాసుకో. వోల్టేజీ జోలికి చివర్లోనే వెళ్ళు, అతి తక్కువగా. కొన్నిసార్లు వేగం అలాగే ఉంచి వోల్టేజీ కాస్త తగ్గించినా నిలబడుతుంది, అది ఇంకా మంచి విద్య. డిసెంబరులో నిలబడింది కదా అని ఆగకు, మే నెలలో మళ్ళీ పరీక్షించు. అన్నిటికంటే ముఖ్యం, నీ యంత్రం మీద చెయ్యి. ఇతరుల పని ఉన్న యంత్రం మీద వాళ్ళకు చెప్పకుండా చెయ్యకు. పొరపాటు జరిగితే ఆ రోజే చెప్పు. నాకు పాతికేళ్ళు పట్టింది.

స్వర్ణోత్సవ సంచికను సభ అయ్యాకే తీరిగ్గా తెద్దామని కమిటీ ఈసారి ముందే తీర్మానించిందట. డీటీపీ మళ్ళీ అన్న దగ్గరే. కంప్యూటర్ మాత్రం నేను ఇవ్వలేదు, నిశ్చింతగా ఉండండి.