చీనా కథలలో రక్కసులు – గృహధర్మము



గడచిన సంక్రాంతికి మా మనుమరాలు పట్టణమునుండి వచ్చి నాలుగు దినములు మా యింట నుండెను. పగలంతయు ముగ్గులు, గొబ్బెమ్మలు, అరిసెలు. రాత్రి యగుసరికి అఱచేతిలోని ఫోనులో ఒక చీనా కథను చూచుచు గోడకు జేరబడి కూర్చుండెడిది. ఒకనాడు నేను విసిగి, “ఏమమ్మా, ఈ దయ్యాల కథలతో ఏం పని? పడుకోరాదా?” అంటిని. అది తల యెత్తకయే, “తాతయ్యా, ఆమె రక్కసే కానీ మంచిది. తన వాళ్ళను కాపాడుకోవడానికి వెనకటి కాలానికి పోయింది. ఒక్క గంట చూడనియ్యి” అనెను.

రక్కసియట, మంచిదట, తనవారి కొఱకు కాలమునే దాటినదట! ఇది యేమి వింతయని తెలిసికొన గోరి, పండుగ గడచిన పిమ్మట చీనా కథల యనువాదములను తెప్పించుకొని రెండు మాసములు చదివితిని. చదువగా తెలిసినదేమనగా, పిల్లలు చూచు నీ క్రొత్త కథలకు వేయి, రెండువేల యేండ్ల వేళ్ళున్నవి. ఆ వేళ్ళలో కొన్ని మన దేశపు మట్టిలోనివే. ఆ సంగతియు, దానివలన నాకు జ్ఞప్తికి వచ్చిన మా యింటి సంగతి యొకటియు నేడు మీకు మనవి చేసెదను.

ముందుగా మాటలను చూతము. చీనా భాషలో రక్కసికి “మో” అని పేరు. బుద్ధుని తపస్సును చెఱుప వచ్చిన మారుని పేరే ఆ భాషలో అట్లు మాఱినది. ఆ శబ్దమును వ్రాయుటకై వారొక క్రొత్త యక్షరమునే కల్పించుకొనిరి. మన యక్షుడు అచట “యేచా” యైనాడు. మన కల్పము అచట “జియే” యైనది. మన దేశపు బౌద్ధ గ్రంథములను చీనాలోనికి తర్జుమా చేసిన భిక్షువులతో గూడ మన మారుడును, మన యక్షులును, మన కాలగణనమును ఆ దేశము చేరినవి. కాని అచ్చటివారు ఆ రక్కసులను అడవిలో విడువలేదు. ఇంటిలోనికి దెచ్చి, అత్తగారి ముందర నిలబెట్టిరి. అందే వారి విశేషమున్నది.

పూ సొంగ్లింగ్ అను పండితుడు 1640 మొదలు 1715 వఱకు షాన్‌డొంగ్ సీమలో జీవించెను. రాజకీయోద్యోగ పరీక్షలకు పలుమాఱులు కూర్చుండియు, పై మెట్టెక్క జాలక, ఒక సంపన్నుల యింట పిల్లలకు చదువు చెప్పుచు కాలము గడపెను. ఆయన కూర్చిన వింత కథలు ఇంచుమించు ఐదువందలు. అవి అచ్చుపడినది 1766లో. అనగా ఆయన గతించిన 51 సంవత్సరములకు. ఆ కథలలో షావ్‌ఛియెన్ అను దయ్యపు పిల్ల కథ మిక్కిలి పేరు గాంచినది.

ఆ పిల్ల పదునెనిమిదవ యేట చనిపోయి, ఒక పాడుపడిన గుడిచెంత పూడ్చబడినది. అచ్చటి రక్కసి యొకడు ఆమెను లోబఱచుకొని, బాటసారులను మోహపెట్టి చంపు పనికి నియమించెను. నింగ్ అను సజ్జనుడు ఆ గుడిలో బస చేసినపుడు ఆమె వలపు చూపెను, అతడు తిరస్కరించెను. బంగారము చూపెను, బయట బాఱవైచెను. అంతట ఆమె సిగ్గుపడి నిజము చెప్పి, “నా యెముకలను ఇచ్చటినుండి తీసికొనిపోయి మంచి చోట పూడ్చుము” అని వేడుకొనెను. అతడట్లే తన యింటిచెంత సమాధి చేసెను. ఆమె వెంట వచ్చెను.

ఇక నచ్చటనే అసలు కథ ప్రారంభము. నింగ్ తల్లి దయ్యమును చూచి భయపడెను; మా వంశము నిలుపవలసిన కొడుకు వీడొక్కడే యనెను. ఆ పిల్ల బదులు పలుకక, “అయినచో మిమ్ము తల్లిగా సేవించుకొందును” అని ప్రొద్దున నీళ్ళు పట్టి యిచ్చుచు, వంటపని చూచుచు, చీకటి పడగానే ఎవరును పొమ్మనకముందే వెడలిపోవుచుండెను. వచ్చిన క్రొత్తలో ఆమె యేమియు తినలేదు; అర్ధసంవత్సరము గడచిన పిదప పలుచని గంజి త్రాగ నేర్చెను. తల్లికి ఆమె దయ్యమను మాటయే మఱపునకు వచ్చెను. తుదకు పెండ్లి జరిగెను, వెంటాడి వచ్చిన రక్కసి కూలెను, పిల్లలు గలిగిరి. మంత్రముచేత కాదు, సేవచేత ఆ పిల్ల మనిషి యయ్యెనని కథకుని భావము. ఆ గంజి మాట చదివినపుడు, క్రొత్తకోడలు మన యిండ్లలో మొదటి దినములలో కడుపునిండ తినక వంగి కూర్చుండు తీరు నాకు కన్నులకు గట్టెను.

రెండవది శ్వేతసర్పము కథ. హాంగ్‌జౌ నగరమున పశ్చిమ సరస్సు కలదు. వేయి యేండ్లు తపస్సు చేసిన తెల్లపాము స్త్రీరూపమున అచ్చటికి వచ్చి, వానలో గొడుగు ఎరువిచ్చిన షూ షియెన్ అను పడుచువానిని పెండ్లాడెను. దంపతులు మందుల యంగడి పెట్టుకొని సుఖముగ నుండిరి. ఐదవ నెల యైదవనాటి పండుగకు చీనావారు పూర్వము మనశ్శిల కలిపిన సారాయము పుచ్చుకొనెడివారు. అది పాములకు విషము. భర్త బలవంతముచే ఆమె త్రాగి, పాముగా మాఱి పడియుండగా, అది చూచి భర్త గుండె యాగి చనిపోయెను. ఆమె కున్లున్ పర్వతమున కేగి, కావలివారితో పోరాడి, సంజీవనివంటి మూలికను దెచ్చి భర్తను బ్రదికించెను. మన సావిత్రి మాటచేత గెలిచినదానిని ఈమె కత్తిచేత గెలిచెను. అయినను ఫాహాయ్ అను సన్న్యాసి, “పాముకును మనుష్యునకును కాపురమేమి?” అని, బిడ్డను కనిన యామెను భిక్షాపాత్రలో బంధించి, లేఫెంగ్ గోపురముక్రింద నణచివేసెను.

ఈ కథ మొదట ఇట్లు లేదు. ఫెంగ్ మెంగ్‌లొంగ్ 1624లో ప్రకటించిన సంపుటమున ఈ పాము భయంకరమైనదే. సన్న్యాసి చేసినది మేలే. తరువాతి నూటయేబది యేండ్లలో నాటకములాడువారును, కథలు చెప్పువారును, వినెడు స్త్రీలును కలసి ఆ రక్కసిని ఇల్లాలినిగా మార్చివైచిరి. ఆమెకొక కొడుకును గూడ నిచ్చిరి. ఆ కొడుకును మేనత్త పెంచినది. వాడు పెరిగి, సామ్రాజ్యమందలి పరీక్షలో ప్రథముడుగ నెగ్గెను. తల్లి పామని చెప్పుకొనుట వానికి లాభముగాదు. దాచిపెట్టినచో అడుగువారును లేరు. అట్లయ్యును వాడు గోపురము కడకేగి, నేలపై మోకరిల్లి, “అమ్మా” యని యేడ్చెను. ఆ మ్రొక్కు ఫలితముగ తల్లికి చెఱ వీడెనని చెప్పుదురు.

ఆ గోపురము కట్టుకథ కాదు. వూయూ దేశపు రాజు దానిని 977లో పూర్తి చేయించెను. దాని యిటుక యింట నుండిన శుభమని జనులు తరతరములుగ ఇటుకలు పెఱికికొనిపోగా, 1924 సెప్టెంబరు 25వ తేదీన కుప్పకూలెను. లూ షున్ అను ప్రసిద్ధ రచయిత చిన్ననాడు తన మామ్మచేత ఈ కథ విని, ఆ గోపురము ఎప్పుడు కూలునాయని కోరుకొనెడివాడట. కూలగానే సంతసించి ఒక వ్యాసము వ్రాసెను. 2001లో పునాదులు త్రవ్వగా, అశోకుని పేరిట చెప్పు స్తూపముల పోలికతో చేసిన వెండి స్తూప మొకటి బయటపడెను. 2002లో అచ్చటనే క్రొత్త గోపురము వెలసినది.

మూడవ కథ కాలమును గూర్చినది. నన్ను ఎక్కువ కలచినదియు నిదియే. ల్యూ ఈచింగ్ అను రాజవంశీయుడు 403 మొదలు 444 వఱకు నుండెను. ఆయన సంపుటములోని దీ కథ. 62వ సంవత్సరమున ల్యూ, రువాన్ అను నిరువురు చెట్టుబెరడు తెచ్చుకొనుటకు తియెన్‌తాయ్ కొండలలోనికి పోయి త్రోవ తప్పిరి. పదుమూడు దినములు తిండిలేక తిరిగి, తుదకొక చెట్టు పండ్లు తిని, వాగున దిగగా నువ్వులు కలిపిన అన్నపుగిన్నె యొకటి నీటిపై తేలివచ్చెను. ఆ జాడ పట్టి పోగా ఇరువురు దివ్యస్త్రీలు కనబడి, “ఇంత ఆలస్యమేల?” అని పేరుపేరున పిలిచిరి. వారితో కాపురము చేసిరి. ఆరు మాసములైన పిదప వసంతమున పక్షుల కూతలు విని వీరికి ఇల్లు జ్ఞప్తికి వచ్చెను. సెలవు పుచ్చుకొని కొండ దిగిరి. ఊరు మాఱినది, ఇండ్లు మాఱినవి, తెలిసిన మొగ మొక్కటియు లేదు. విచారింపగా తమ యేడవ తరమువారు కనబడిరి. 383వ సంవత్సరమున వారు మరల వెడలిపోయిరి. ఎచ్చటికో యెవరును ఎఱుగరు.

మన భాగవతమున ఇట్టిదే కలదని మీరందఱు ఎఱుగుదురు. కకుద్మి తన కూతురు రేవతికి వరుని నడుగ బ్రహ్మలోకమున కేగి, ఒక్క క్షణము పాట వినియుండగా, భూమిపై ఇరువదియేడు మహాయుగములు గడచిపోయెను. అయితే కకుద్మి కథలో బ్రహ్మ పక్కననుండి సంగతి చెప్పెను. చీనా కథలో చెప్పినవాడు బ్రహ్మ కాదు. ఆ యేడవ తరపు మనుమలు, “మా పూర్వుడొకడు కొండలోనికి పోయి త్రోవ తప్పి తిరిగి రాలేదని మా పెద్దలు చెప్పగా విన్నాము” అనిరి. ముఖము గుర్తులేదు, కథ గుర్తున్నది. ఆ యొక్క మాటవలననే వచ్చినవారు ఎవరో తేలినది.

నేటి చీనా కథకులు ఈ మూడు పోగులను ఒక్కటిగ పేనుచున్నారు. 2005లో వెలువడిన తొంగ్ హువా నవలలో నేటి పడుచొకతె మూడువందల యేండ్ల వెనుకటి చక్రవర్తి కొలువున కన్ను తెఱచును. అది 2011లో ధారావాహికముగ ప్రదర్శింపబడినది. ఆ సంవత్సరమే ఆ దేశపు ప్రసారశాఖవారు, ఇట్టి కాలయానపు కథలు చరిత్రను చులకన చేయుచున్నవని విమర్శించిరి. అయినను పిల్లలు చూచుట మానలేదు.

ఇప్పుడు మా యింటి సంగతి. మా తాతగారి తమ్ములొకరు భూమి పంపకమున తగవు వచ్చి, ఇల్లు విడిచి, కాకినాడలో ఓడ యెక్కి రంగమునకు పోయిరి. పిమ్మట మా యింట ఆయన పేరెత్తుట మానిరి. మహాలయ పక్షమున తర్పణములలో గూడ ఆ పేరు విడిచిరి. 1964లో బర్మానుండి మనవారు వేలకొలది తిరిగి వచ్చుచుండిన దినములలో, ఒక మధ్యాహ్నము రేకుపెట్టె చేతబట్టుకొని ఒకాయన మా వాకిట నిలిచి, “నేను మీ చిన్నతాతగారి కొడుకును” అనెను. నాకు పదియేండ్లు. మా పెదనాన్నగారు, “అట్టివా రెవరును మా వంశమున లేరు” అని లోనికి పోయిరి. మా నాయనమ్మ చెంబుతో మంచినీళ్ళిచ్చెను. ఆయన త్రాగి, చెంబు అరుగుపై నుంచి, నావైపొకసారి చూచి వెడలిపోయెను. ఆ రాత్రి నాయనమ్మ నా ప్రక్కన పరుండి, “అచ్చం వాళ్ళ నాన్న నడకేరా” అని మెల్లగ ననెను. ఆమె గుర్తించినది, చెప్పుటకు ఆమెకు నోరు లేకపోయినది. నాకు కథ తెలియదు గనుక గుర్తింపలేదు. పెద్దవాడనైన పిదప విచారించితిని. ఆయన జాడ నాకు దొరకలేదు.

ఆ చీనా మనుమలు ఏడు తరములు నిలుపుకొన్న మాటను మేము రెండు తరములైనను నిలుపుకొన లేకపోతిమి. పంపకములో పోయినది రెండెకరములు. మౌనములో పోయినది ఒక కుటుంబము.

అందుచే పెద్దలకు నేను చేయు మనవి యొక్కటే. ఇల్లు విడిచిపోయినవారి పేర్లు ఇంట వినబడనిండు. అలిగి పోయినను, కులము కాని పెండ్లి చేసికొని పోయినను, సముద్రము దాటి పోయినను, వారెట్లు పోయిరో, ఎందులకు పోయిరో పిల్లలకు చెప్పుడు. మన తప్పున్నచో అదియు చెప్పుడు. ఆ పాము కొడుకు గొప్పవాడైన పిదప తల్లిని కాదనలేదు. మనము మనుష్యులనే కాదనుచున్నాము. రేపు ఎవరో యొకరు ఆ కొండ దిగి మన వాకిట నిలిచినపుడు, లోపలినుండి ఒక పసివాడైనను, “మీ గురించి మా తాతయ్య చెప్పాడు, లోపలికి రండి” అని పిలువగలుగవలెను.

మా మనుమరాలు వెనుకకు పోవునపుడు ఆ చిన్నతాతగారి కథ దానికి చెప్పితిని. అది ఫోను ప్రక్కన బెట్టి చివరివఱకు వినెను. విని, మా వంశవృక్షమును వ్రాసియుంచిన పుస్తకమును తెమ్మని, మా తాతగారి పేరు ప్రక్కన ఖాళీగనున్న చోట ఆ పేరును తన చేతితో వ్రాసెను. మొన్న మహాలయమున ఆ పేరు చెప్పి తిలోదకము విడిచితిని.