గాయకుని గొంతు – ప్రతినాదము

నూతిలోనికి వంగి తన పేరు తానే పిలిచి చూడని పిల్లవాడు అరుదు. పోయిన పిలుపు తిరిగి వచ్చును. వచ్చినది పోయినదానికంటె గంభీరముగా నుండును. దేవాలయ మంటపములో కీర్తన పాడినవానికిని, స్నానపు గదిలో కూనిరాగము తీసినవానికిని ఇదే అనుభవము. గోడలు గొంతునకు నిండుదనము నిచ్చును. నేడు ధ్వనిముద్రణ శాలలలో పాటను మిక్సింగు చేయువారు గాయకుని గొంతునకు కృత్రిమముగా చేర్చునది ఈ నిండుదనమునే. దాని నెట్లు చేర్చుదురో, ఎంత చేర్చిన పాటకు మేలో, ఎంత మించిన సాహిత్యము మునుగునో ఈ ప్రసంగములో మనవి చేయుదుము.

ముందుగా రెండు మాటలకు గల భేదమును గుర్తింపవలెను. దూరపు కొండ నుండి పిలుపు విడిగా తిరిగి వినబడిన అది ప్రతిధ్వని. మిక్సింగులో డిలే అనునది ఇట్టిది. గదిలోని గోడలు, నేల, పైకప్పు వేలకొలది ప్రతిఫలనములను వెంటవెంట పంపగా, అవి విడివిడిగా తెలియక, ఒక తోకవలె సాగి అణగిపోయిన అది ప్రతినాదము. దీనినే రివర్బు అందురు.

ప్రతినాదమును శాస్త్రీయముగా కొలుచుట ఒక చిక్కు నుండి ఆరంభమైనది. హార్వర్డు విశ్వవిద్యాలయములోని ఫాగ్ కళాప్రదర్శనశాలలో ఒక ఉపన్యాస మందిరముండెను. అందు పలికిన మాట అయిదు సెకండ్లకు పైగా మ్రోగుచు, తరువాతి మాటలను మ్రింగివేయుచుండెను. 1895లో వాలెస్ సబీన్ అను భౌతికశాస్త్ర అధ్యాపకుడు ఈ చిక్కును విప్పుటకు పూనుకొనెను. సమీపపు నాటకశాల నుండి ఆసనముల మెత్తలను తెప్పించి పరచుచు, మ్రోత ఎంతసేపటికి అణగునో రాత్రులందు కొలిచెను. గది పరిమాణము పెరిగినకొలది ప్రతినాదకాలము పెరుగును. శబ్దమును పీల్చుకొను వస్తువులు పెరిగినకొలది తగ్గును. ఇది ఆయన సాధించిన సూత్రము. శబ్దతీవ్రత పదిలక్షలవ వంతునకు దిగుటకు పట్టు కాలమును నేటికిని ప్రతినాదకాలమని లెక్కింతురు.

స్టూడియోలో లేని మంటపమును పాటకు తెచ్చుట ఎట్లు? పూర్వము నున్నని గోడలుగల ఖాళీ గదిలో ఒక మూల స్పీకరు నుంచి పాటను వినిపించి, వేరొక మూలనున్న మైకుతో ఆ మ్రోతను పట్టి, అసలు పాటతో కలిపెడివారు. 1947లో షికాగో నగరమున బిల్ పట్నం స్నానపు గదినే ఇందుకు వాడెను. 1957లో జర్మనీ దేశపు ఈ.ఎం.టి. సంస్థ రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పుగల పలుచని ఉక్కు రేకును వ్రేలాడదీసి, దాని కంపనముల నుండి ప్రతినాదమును పుట్టించెను. డిలేకు టేపు యంత్రము చాలెడిది. సెకండునకు 38 సెంటీమీటర్లు నడచు టేపుపై, రికార్డు చేయు హెడ్డునకును వినిపించు హెడ్డునకును 5 సెంటీమీటర్ల ఎడమున్నచో, పాట సుమారు సెకండులో ఎనిమిదవ వంతు ఆలస్యముగా మరల వినబడును. నేడు ఈ పనులన్నియు కంప్యూటరు చేయుచున్నది. ఒక మీట త్రిప్పిన మంటపము సిద్ధము. సులభమగుటవలననే మితము తప్పుట కూడ సులభమైనది.

తెలుగు పాటకు ఈ మితము మరింత ముఖ్యము. మన మాటలు తరచుగా అచ్చులతో ముగియును. గాయకుడు సాగదీయునది ఆ అచ్చునే. దాని ప్రతినాదము వచ్చి తరువాతి మాటలోని మొదటి హల్లుపై పడును. హల్లు బలహీనమగుటచే మునుగును. ఇక ద్విత్వాక్షరముల సంగతి. 'ఒక', 'ఒక్క', 'అటు', 'అట్టు' – వీని భేదమెక్కడ నున్నది? నాలుక గాలిని ఆపి ఉంచిన లిప్తపాటు నిశ్శబ్దములో నున్నది. ఆ నిశ్శబ్దమును మ్రోత నింపినచో రెండు మాటలు ఒక్కటిగా తోచును. కవి ఎంచి పెట్టిన మాట శ్రోతకు చేరకపోవును.

కావున మేము అనుసరించు పద్ధతి ఇది. అసలు గొంతును చెక్కుచెదరనీయక వేరుగా నుంచి, దాని నకలును మాత్రమే రివర్బునకు పంపి, వచ్చినదానిని కొద్దికొద్దిగా కలుపుదుము. పలికిన వెంటనే మ్రోత మొదలు కాకుండ, 30 మొదలు 60 మిల్లీసెకండ్ల వరకు ఎడము నిత్తుము. ఆ ఎడములో హల్లు స్పష్టముగా దాటిపోవును. మ్రోతలోని బరువైన మంద్ర ధ్వనులను, స, ష వంటి అక్షరముల బుసను తగ్గింతుము. ద్రుతగతి పాటకు ఒక సెకండు ప్రతినాదము చాలును. విలంబగతికి రెండు సెకండ్లైనను ఇమిడిపోవును.

డిలేకు తాళమే కొలబద్ద. నిమిషమునకు 80 అక్షరకాలములు నడచు పాటలో ఒక్కొక్కటి 750 మిల్లీసెకండ్లు, సగము 375. ఆలస్యమును ఈ లెక్కకు కుదిర్చిన ప్రతిధ్వని లయలో ఒదుగును. తప్పిన మృదంగముతో పోరాడును. రాగమును కూడ గమనింపవలెను. మాయామాళవగౌళలో షడ్జమమునకు శుద్ధ ఋషభము మిక్కిలి చేరువ. ఋషభపు మ్రోత అణగకముందే గాయకుడు షడ్జమముపై వ్రాలినచో రెండును ఒరసికొనును; గమకము మసకబారును. కొందరు గొంతులోని లోపమును ప్రతినాదముతో కప్పవచ్చునని తలంతురు. అపశ్రుతి అందు దాగదు సరికదా, మరికొంతసేపు నిలిచి వినబడును.

ప్రతినాదము దూరమును కూడ తెలుపును. అసలు గొంతు తగ్గి మ్రోత హెచ్చినకొలది, పాడువారు దూరమునకు జరిగినట్లుండును. జోలపాటకు మంటపమంత మ్రోత చేర్చిన, తల్లి ఉయ్యాల చెంత నుండక ఎక్కడనో నిలిచి పాడినట్లగును. నాటక పద్యములో మాటలున్నంతసేపు మ్రోతను తగ్గించి, చివరి ఆలాపనకు పెంచిన పద్యము తెలియును, రాగమును నిండును. ఒక పాటకు ఆద్యంతము ఒకే పాళ్లు ఉండవలెనను నియమము లేదు.

చివరగా ఒక మాట. మిక్సింగు చేయువాడు ఒకే పాటను పలుమార్లు వినును. సాహిత్యమంతయు అతనికి కంఠస్థమగును. మునిగిన మాటను సైతము అతని చెవి జ్ఞాపకమునుండి పూరించుకొనును. కావున స్పష్టతను గూర్చి అతడు తీర్పరి కాజాలడు. పాటను ఎన్నడు వినని, సాహిత్యమును చూడని వారినొకరిని కూర్చుండబెట్టి, చిన్న స్పీకరులో ఒక్కసారి వినిపించి, విన్నమాటలను వ్రాయుమని కోరవలెను. వ్రాయలేక ఆగిన చోటనెల్ల మ్రోతను తగ్గింపవలెను. ఇంటిపనులు చేసికొనుచు మన పాటను ఒక్కమారే విను శ్రోతకు ఆ మాట అందవలెను గదా!