ఆరు ఆటలు ఇంటూ రెండు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"అమెరికా వెళ్ళొచ్చారు కదా, పది నిమిషాలు ఏదైనా చెప్పండి" అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నయాగరా గురించి చెబుతాననుకొని ఉంటారు. నేను నయాగరా చూడలేదు. నేను చూసింది ఒక ఆట, ఆ ఆట లెక్కలు. ముప్పై నాలుగేళ్ళు బడ్జెట్ సెక్షనులో అంకెలు కూడిన గుమాస్తాకు మరేం కనబడుతుంది?

మా చిన్నబ్బాయి ఐడహో రాష్ట్రంలో బోయిసీ అనే ఊళ్ళో ఉంటాడు. అక్కడి విశ్వవిద్యాలయం ఆటస్థలంలో గడ్డి నీలం రంగు. 1986 నుంచీ అంతేనట. వాళ్ళ ఫుట్‌బాల్ మనం కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో ఇరికించుకొని పరుగెడతారు, లేదా చేత్తో విసురుతారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. బంతితో ఎవరు ఎన్ని గజాలు పోయారో ప్రతిదీ రాసి పెడతారు. మన కొలతల పుస్తకంలో కూడా అంత శ్రద్ధ ఉండదు. ఆగస్టు చివర మొదలై నవంబరు చివరికి ముగిసే ఆ సీజనులో ఒక్కో కళాశాల జట్టుకు 12 ఆటలు.

2024లో నేను అక్కడ ఉన్నప్పుడు ఊరంతా ఒకటే పేరు: ఆష్టన్ జెంటీ. బోయిసీ జట్టులో బంతి పట్టుకొని పరుగెత్తే కుర్రవాడు. మొదటి ఆటలోనే 267 గజాలు. బలమైన ఆరెగన్ జట్టు మీద కూడా 192. అక్టోబరు మధ్యకు ఆరు ఆటలు పూర్తయ్యేసరికి 1,248 గజాలు, అంటే ఆటకు సరిగ్గా 208.

ఏడో తరగతి చదివే మా మనుమడు కాగితం తెచ్చాడు. "తాతయ్యా, సగం సీజను అయిపోయింది. ఇంటూ రెండు చేస్తే 2,496. ఆ పైన ఇంకో రెండు ఆటలు దొరికితే బారీ శాండర్స్ రికార్డు పోయినట్టే!" అన్నాడు. శాండర్స్ 1988లో ఓక్లహోమా స్టేట్ తరఫున 11 ఆటల్లో 2,628 గజాలు పరుగెత్తిన మహానుభావుడు. ఇన్నేళ్ళయినా ఆ అంకెను ఎవరూ దాటలేదు.

"ఇంటూ రెండు" అన్న మాట వినగానే నాకు మా పాత ఆఫీసు గుర్తుకొచ్చింది. ఆ కథ ముందు చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో సవరించిన అంచనాలు తయారుచేసే పని నాకు అప్పగించారు. వైద్య ఖర్చుల పద్దు కింద సెప్టెంబరు ఆఖరుకు ఎంత ఖర్చయిందో చూసి, దానికి రెట్టింపు వేసి ఫైలు పైకి పంపాను. సూపరింటెండెంటుగారు సంతకం పెట్టేశారు. కానీ వైద్యం బిల్లులు ఏడాది పొడవునా సమానంగా రావు కదా! పరిశీలనకు పోయి, అభ్యంతరాలతో తిరిగొచ్చి, చివరికి జనవరి తరువాత ఒక్కసారిగా వచ్చి పడతాయి. పాత ఏళ్ళ రిజిస్టరు తిరగేసి ఉంటే నాకు తెలిసేది. తిరగేయలేదు. ఫిబ్రవరిలో పద్దు ఖాళీ అయింది. మా అటెండరు భార్య ఆపరేషను బిల్లు "నిధులు లేవు" అని వెనక్కి వచ్చింది. అతను వడ్డీకి అప్పు తెచ్చి ఆపరేషను చేయించాడు. డబ్బు చేతికి వచ్చింది కొత్త ఏడాది కేటాయింపులు వచ్చాకే. ఆ నెలల వడ్డీ అతను కట్టాడు, తప్పు నాది. "మీరేం చేస్తారు బాబూ, పైనుంచి రావాలి కదా" అన్నాడు. పైకి పోయిన అంకె నాదేనని ఆ రోజు చెప్పలేకపోయాను. ఇన్నేళ్ళ తరువాత ఈ సభలో చెబుతున్నాను.

అందుకని మనుమడితో అన్నాను: "నాయనా, రెట్టింపు చేసేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి."

మొదటిది, పాత రిజిస్టరు ఏమంటోంది? జెంటీ 2023లో 12 ఆటల్లో 1,347 గజాలు చేశాడు, ఆటకు సుమారు 112. మనిషి ఏడాదిలో మెరుగయ్యాడు, నిజమే. కానీ ఆరు ఆటల్లో వచ్చిన 208లో ప్రతిభతో పాటు ఆ రోజుల కలిసిరాక కూడా ఉంటుంది. ప్రతిభ మిగతా సగంలోనూ వెంట వస్తుంది, కలిసిరాక వస్తుందని హామీ లేదు.

రెండోది, ఎదుట ఎవరు? మొదటి ఆరింటిలో ఒకటి కింది తరగతి జట్టుతో ఆడిన ఆట. పైగా ఒక ఆటగాడి పేరు మోగిపోయాక మిగతా జట్లు అతని కోసమే అదనంగా మనుషులను కాపు పెడతాయి. శరీరానికి దెబ్బలూ పేరుకుంటాయి.

మూడోది, ఇంకా ఎన్ని ఆటలు? 12 ఖాయం. సొంత కూటమిలో పైకొస్తే 13వది. జాతీయ పోటీకి ఎంపికైతే 14వది. రాని ఆటను ముందే కూడటం మంజూరు కాని నిధిని ఖర్చు రాయడమే.

ఆ రాత్రి కాగితం మీద మా ఆఫీసు పద్ధతిలో లెక్క వేశాను. ఈ ఏటి 208కీ, నిరుటి 112కీ మధ్య 160. మిగిలిన ఆరు ఆటలకు 960. చేతిలో ఉన్న 1,248 కలిపితే 2,208. మనుమడి కాగితం, నా కాగితం రెండూ ఫ్రిజ్ తలుపుకు అంటించాం.

12 ఆటలు ముగిశాయి. జెంటీ లెక్క 2,288. చివరి ఆరింటిలో సగటు 173. నా అంచనా 80 గజాలు తక్కువ పడింది, వాడిది 208 గజాలు ఎక్కువైంది. నాలోని గుమాస్తా మీసం మెలేశాడు.

అయితే సోదరులారా, ఒక్కసారి నెగ్గినంత మాత్రాన పద్ధతి గొప్పదైపోదు. 2018లో లూసియానా స్టేట్ జట్టుకు జో బరో అనే కుర్రవాడు 13 ఆటల్లో 16 సార్లు బంతి విసిరి గోలు గీత దాటించాడు. మరుసటి ఏడు 15 ఆటల్లో 60 సార్లు! నా పాత రిజిస్టరు అక్కడ బోర్లా పడేది. ఆ ఏడు కొత్త శిక్షకుడు వచ్చి బంతి విసిరే పద్ధతే మార్చారు. కాబట్టి పాత అంకె చూడాలి, అది ఎందుకు మారిందో కూడా అడగాలి. కారణం కనబడితే కొత్త అంకెను ఎక్కువ నమ్మవచ్చు. కనబడకపోతే మధ్యలో నిలబడటం క్షేమం. ఏదైనా సరే, ఒకే అంకె చెప్పకుండా "ఇంత నుంచి ఇంత" అని చెప్పడం మర్యాద.

జెంటీకి 13వ ఆట వచ్చింది, 209 గజాలు. 14వదీ వచ్చింది, డిసెంబరు 31న పెన్ స్టేట్ మీద. రికార్డు దాటడానికి 132 కావాలి. 104 దగ్గర ఆట ముగిసింది. మొత్తం 2,601. శాండర్స్ అంకెకు 27 గజాలు తక్కువ. శాండర్స్ 1988లో చివరి బౌల్ ఆటలో చేసిన 222 గజాలను అప్పటి నియమం ప్రకారం లెక్కలో కలపనే లేదు. బౌల్ ఆటలను కలపడం 2002 నుంచే. అది చెబితే మనుమడు కొంత ఊరట చెందాడు.

జనవరిలో వాడి లెక్కల మార్కులు వచ్చాయి. బాగా లేవు. మా అబ్బాయి కాగితం చూసి "ఇక ఈ ఏడాది ఇంతే" అన్నాడు. మనుమడు తల ఎత్తకుండానే, "నాన్నా, నిరుటి మార్కులు చూశావా? ఇంకా ఎన్ని పరీక్షలున్నాయో లెక్కపెట్టావా?" అన్నాడు.

మా అబ్బాయి నావైపు చూశాడు. వాడు పదో తరగతిలో ఉన్నప్పుడు అర్ధ సంవత్సర పరీక్షల మార్కులు చూసి నేనన్న మాట కూడా అదే: "ఇంతే." ఆ మాట వాడికి గుర్తుందని వాడి చూపులోనే తెలిసింది. నేను ఫ్రిజ్ మీది కాగితాలు సర్దుతున్నట్టు నటించాను.