పశువుల డాక్టర్ కావాలంటే

పిల్లలూ, మా హాస్టల్లో చదివిన అమ్మాయి ఒకతె బీఎస్సీ అయ్యాక ఫోన్ చేసింది. "మేడమ్, ఏడాది పీజీ ఏదైనా చేస్తే పశువైద్య కాలేజీలో సీటొస్తుందా?" అని.

అమెరికాలో డిగ్రీ మార్కులు తగ్గిన కొందరు అలా చిన్న మాస్టర్స్ చేసి, చదవగలమని చూపించుకుంటారు. మన దగ్గర అలా కాదు. బీవీఎస్సీకి ఇంటర్ బైపీసీ, ఎంట్రన్స్ ర్యాంకు కావాలి. అఖిల భారత కోటా 15 శాతం సీట్లకు నీట్ ర్యాంకే చూస్తారు. పీజీ చేసినా ర్యాంకు పెరగదు.

"వయసు నిబంధన చూసుకుని, ఆ ఏడాది నీట్‌కి పెట్టు తల్లీ" అన్నాను. ఈ మాట ఇంటర్లోనే చెప్పాల్సింది. చెప్పకపోవడం నా తప్పు. అందుకే మీకు ముందే చెబుతున్నాను.

మేకకు జబ్బు చేస్తే ఇంట్లో ఏం పోతుందో మీకు తెలుసు. వచ్చే డాక్టర్ మన భాష మాట్లాడితే ఎంత బాగుంటుంది!

జై ఆదివాసీ.