అడవి కాచిన గట్టు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సందర్భమున నన్నొక ప్రసంగము చేయుమని కార్యదర్శిగారు కోరినపుడు, నేను భారతమో భాగవతమో విప్పుదునని మీలో పలువురు తలచియుందురు. నేడు మిమ్ములనొక పరదేశపుటడవికి కొనిపోదలచితిని. ఆ దేశమును నేను చూచినవాడను కాను, చదివినవాడను మాత్రమే. అయినను గ్రామపు లెక్కలు వ్రాయుచు, కొలతగొలుసు వెంట పొలములలో తిరిగిన నాకు, ఆ యడవిలోని వస్తువొకటి చిరపరిచితమువలె తోచినది. ఆ వస్తువు గట్టు.

జర్మనీ దేశమున ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు ఉత్తరముగా టౌనస్ అను కొండల వరుస యున్నది. ఆ కొండలపై బీచి, ఓకు, స్ప్రూసు వృక్షముల యడవి. ఆ చెట్ల క్రింద, రాలిన యాకులు కప్పుకొని, ఒక మట్టికట్టయు దాని ప్రక్కనే ఒక కందకమును ఆమడల కొలది సాగిపోవుచుండును. కొన్నిచోట్ల కట్ట నడుమెత్తున నుండును. కొన్నిచోట్ల తెలిసినవారు చూపిననే గాని కానరాదు. రోమక సామ్రాజ్యమునకు ఒకనాటి యెల్ల అది. రైను నదీతీరమున మొదలై డాన్యూబు నది చేరువరకు దాని నిడివి సుమారు 550 కిలోమీటర్లు. దాని పొడవునను సుమారు 900 కావలి బురుజులుండెను. దానిని లీమెస్ అందురు. లాటిను భాషలో ఆ మాటకు మొదటి యర్థము చేలనడుమ నడచు బాట, గట్టు అని. సామ్రాజ్యపు పొలిమేరకు సైతము రైతు మాటయే పేరైనది. ఈ సంగతి చదివిననాడు నాకు కలిగిన సంతోషము ఇంతింత యనరాదు.

ఆ గట్టు ఒక్కనాట వెలసినది కాదు. తొలుత అడవిని చీల్చి ఒక బాట కొట్టిరి; దాని వెంట కొయ్య బురుజులు నిలిపిరి. హేడ్రియను చక్రవర్తి కాలమున బాటకు ముందు పెద్ద మ్రాకులను నిలువున పాతి దడి కట్టిరి. కొయ్య బురుజుల స్థానమున రాతి బురుజులు వచ్చెను. రెండవ శతాబ్ది చివర, లేక మూడవ శతాబ్ది మొదట, దడి వెనుక ఈ కందకము త్రవ్వి, ఆ మన్నుతోనే కట్ట పోసిరి. నేడు మిగిలినది ఆ కడపటి పనియే. దడి ఏనాడో మట్టిలో కలిసినది.

అయితే దడి యుండెనన్న మాట నిజమని యెట్లు తెలియును? హేడ్రియను చరిత్ర వ్రాసిన ప్రాచీన గ్రంథమొకటి, నదులు లేని చోట్ల ఆయన పెద్ద మ్రాకులు లోతుగ పాతించి అనాగరక జాతులను వేరు చేసెనని చెప్పుచున్నది. ఆ గ్రంథమున కట్టుకథలు మెండు. పండితులు దానిని తేలికగ నమ్మరు. కాని టౌనసుకు తూర్పున మార్కోబెల్ అను గ్రామమువద్ద నేల త్రవ్వగా, తడిమట్టిలో చెడక యున్న దడి మొదళ్లు బయటపడినవి. చెట్టు ఏటేట ఒక వలయము పెంచుకొనును. వానలు మెండైన యేడు వలయము వెడల్పు; కరవు నాడు సన్నము. ఈ వలయముల వరుసను పోల్చి లెక్కించగా, ఆ ఓకు మ్రాకులు క్రీస్తుశకము 119–120 శీతకాలమున నరకబడినట్లు తేలినది. హేడ్రియను 117లో సింహాసనమెక్కెను. గ్రంథము చెప్పినదానికి కొయ్య సాక్ష్యమిచ్చినది. నేను ముప్పదియేండ్లుగా లెక్కలు వ్రాయుచున్నాను గాని, ఏడు తప్పక, కొట్టివేత లేక, ఇంత శుభ్రముగ నడచిన చిట్టాను ఎన్నడు చూచి యెరుగను.

ఈ గట్టుకు కొన్ని వందల అడుగుల వెనుక, కొండల నడుమ దారి దిగుచోట, సాల్బుర్గు అను కోట యున్నది. దాని వైశాల్యము మన లెక్కలో ఇంచుమించు 8 ఎకరములు. మొదట చిన్న కొయ్య కోట. సుమారు 135వ సంవత్సరమునుండి 500 మంది కాల్బలము నిలుచు పెద్ద కోట. ఆ సైనికులు రోము నగరపువారు కారు. ఆల్ప్సు పర్వత ప్రాంతమగు రేషియా దేశపువారి పేరిట ఏర్పడిన దండు అది. ఇట్టి దండులలో ఇరువదియైదేండ్లు కొలువు చేసినవానికి రోమక పౌరసత్వము దొరకెడిది. కోట వాకిట ఒక ఊరు వెలసెను: అంగళ్లు, స్నానశాల, బాటసారుల సత్రము, ఇండ్లు. ఆ చుట్టుపట్ల సుమారు నూరు బావులు కనుగొనబడినవి. బావి యడుగున గాలి సోకని బురదలో కొయ్యయు తోలును చెడవు. కావున బండిచక్రములు, పనిముట్లు, చెప్పులు యథాతథముగ చేజిక్కినవి. ఆ చెప్పులలో ఆడువారివి, పసిపిల్లలవి సైతము కలవు. సైన్యమనగా కత్తులు బల్లెములని తలచు మనకు ఆ పసివాని చెప్పు వేరు కథ చెప్పును.

ఇచ్చట ఒక మాట విన్నవించవలెను. ఈ కథ నేను మొదట చదివినపుడు, అనాదియైన మహారణ్యము, దాని నడుమ రోమనుల కోట అని ఊహించుకొంటిని. అది పొరబాటు. కోటకు, బురుజులకు, దడికి, ఇండ్లకు ఎంత కలప కావలెనో తలపుడు! ఆపైన స్నానశాలకు రేయింబవళ్లు వంటచెరకు, కొలుములకు బొగ్గు. కావలివాడు ఒక బురుజునుండి రెండవ బురుజును చూడవలెనన్నను నడుమ చెట్టుండరాదు. సైనికుడు నిలిచిననాడు ఆ గట్టు వెంట అడవి లేదు, బోడినేల యుండెను. సుమారు 260వ సంవత్సరమున సామ్రాజ్యము కలతలపాలై సేనలు రైను నదికి వెనుదీయగా, కోట పాడుపడెను. ఆ తరువాతనే చెట్లు తిరిగి వచ్చినవి. మధ్యకాలమున బొగ్గు కాల్చువారు మరల కొంత నరికిరి, మరల మొలచినది. అడవి ముందు, కోట వెనుక కాదు. ఈ యడవికంటె కోటయే పెద్దది.

తిరిగి వచ్చిన యడవి చేసిన మేలు ఇంతింత కాదు. కొండ దిగువను సారవంతమగు పొలములలోను ఇదే గట్టు నడచినది. అచ్చట నాగలి దానిని శతాబ్దుల తరబడి దున్నినది. పైకి జాడ లేదు, త్రవ్వి చూడవలసినదే. కొండమీద నాగలి లేదు గనుక గట్టు నిలిచినది. గట్టును నమిలి చేను పెంచుకొను గుణము ఒక్క మన యూరిదే కాదని తెలిసి నాకు కొంత ఊరట కలిగినది. అటులే కోటరాళ్లను చుట్టుపట్లవారు ఇండ్లకు, కట్టడములకు తరతరములుగా తరలించుకొనిపోయిరి. పదునెనిమిదవ శతాబ్ది చివరి పాదమున ఎలియాస్ నాయ్‌హోఫ్ అను నాతడు అవి రోమనులనాటి శిథిలములని గుర్తించెను. 1818లో ప్రభుత్వము రాళ్లు తీయరాదని కట్టడి చేసెను. వారిని నిందింపలేను, సర్వేరాయి బట్టలుతుకు బండగా మారిన ఇండ్లు నే నెరుగుదును.

ప్రజలకు ఈ గట్టు ఎవరు వేసిరో మరపునకు వచ్చెను. దక్షిణభాగమున, రాతిగోడగా నున్నచోట, దానిని దయ్యపు గోడ యనిరి. మన దేశమున ప్రాచీనుల రాతి సమాధులను రాక్షసిగుళ్లనియు పాండవుల గుళ్లనియు అనలేదా? మనిషి చేసిన పనిని మనిషి మరచినపుడు, అది దయ్యమునకో దేవునికో చెందును.

తుదకు 1892లో జర్మను ప్రభుత్వము గట్టునంతయు కొలిచి వ్రాయుటకు ఒక సంఘము నేర్పరచెను. దానికి ముఖ్యప్రేరకుడు థియోడోర్ మోమ్‌సెన్ మహాశయుడు. రోము చరిత్ర వ్రాసి 1902లో నోబెలు సాహిత్య బహుమానము పొందినవాడు. మైలు మైలున నడచి, బురుజునకు బురుజునకు అంకె వేసి, పటములు గీసిరి. ఆ కొలతలో తేలిన వింత యొకటి: టౌనసులో గట్టు కొండ యొడుపును బట్టి వంకరలు పోవును గాని, దక్షిణమున వాల్‌డ్యూర్న్ అను ఊరినుండి సుమారు 80 కిలోమీటర్లు, గుట్ట యనక లోయ యనక, తాడు లాగినట్లు తిన్నగ సాగును. రోమను కొలతగాండ్రకు దుర్బిణి లేదు. కొయ్య చట్రపు నాలుగు కొనలనుండి బరువులు కట్టిన దారములు వ్రేలాడదీసి, వాని గుండ చూచి గీత నిలిపెడివారు. నాకు చిన్న చేనునందే మూల తప్పును!

ఆ కొలతగాండ్రలో ఒకడగు సికులస్ ఫ్లాకస్, గట్టురాయి క్రింద బూడిద, బొగ్గు, కుండపెంకులు, ఎముకలు పాతు ఆచారమును వ్రాసి పెట్టెను; పైరాయి పోయినను క్రింది గురుతు సరిహద్దు చెప్పునని. మన మనుస్మృతి యెనిమిదవ అధ్యాయమున సరిహద్దు వివాదముల ఘట్టము చూడుడు. మఱ్ఱి, రావి, మోదుగ, బూరుగ మొదలగు చెట్లు నాటుమనుటయే గాక, రాళ్లు, ఎముకలు, ఊక, బూడిద, పెంకులు, బొగ్గు నేలలో మరుగుపరుపుమని కలదు. ఒకరినొకరు చదివిరని నేననను. రెండుచోట్లను గట్టు జరుపు పొరుగువాడుండెను, అంతియే.

కోటను 1897లో రెండవ విల్‌హెల్మ్ చక్రవర్తి ఆజ్ఞపై పునాదుల మీదనే తిరిగి కట్ట నారంభించిరి. 1907 నాటికి ముగించిరి. నేడది ప్రదర్శనశాల. గోడపై పండ్లవలె నుండు పిట్టగోడల నడుమ ఎడము చాల తక్కువయ్యెననియు, అసలు గోడకు గచ్చుపూత యుండవలసినదనియు తరువాతి పరిశోధనలు తేల్చినవి. రాజాజ్ఞతో కట్టినదానికంటె, అడవి ఏ యాజ్ఞయు లేక కాచిన మట్టికట్టయే నమ్మదగిన సాక్షి యని నా యభిప్రాయము. 2005లో ఈ గట్టు ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చబడినది.

అడవి మేలే చేయునా యందురేమో! చెట్టు వేళ్లు కట్టను పట్టుకొనును. అదే చెట్టు గాలికి కూలినపుడు, వేళ్లతోబాటు కట్టను పెకలించుకొనిపోవును. 1990 ఆరంభమున వీచిన పెనుగాలులు జర్మనీ యడవులలో లెక్కలేనన్ని చెట్లను పడగొట్టినవి. 2018 మొదలు వరుసగా వచ్చిన కరవులలో స్ప్రూసు చెట్లు నీరు లేక డస్సి, బెరడు తొలుచు పురుగు వాత పడినవి. టౌనసులో కొండవాలులకు వాలులే బోడులైనవి. ఎండిన మ్రాకులను తీయుటకు బరువైన యంత్రములు వచ్చును. ఆ యంత్రపు చక్రములు ఏ గట్టుమీదుగ పోవునో చూచుకొనవలసిన కాలమిది. అడవిపందులు మూతితో నేల త్రవ్వును. బొరియలు చేసుకొను బాడ్జరు అను జంతువునకు ఇట్టి మెత్తని మట్టికట్టలన్న మిక్కిలి మక్కువ. దానికి చరిత్ర యేల?

ఆ యడవిలోనే ఎఱ్ఱదుప్పులు, చిన్నలేళ్లు, నల్ల వడ్రంగిపిట్టలు కలవు. కాని నా మనసు పట్టుకొన్నది అడవిపిల్లి. చూచుటకు మన ఇంటిపిల్లి వలెనే యుండును. తోక మాత్రము కుచ్చువలె దట్టమై, నల్లని పట్టెలతో, మొండి కొనతో నుండును. ఇది అచ్చటి యడవికి అనాదివాసి. ఇంటిపిల్లి అట్లు కాదు; దానిని ఆల్ప్సు పర్వతముల కావలకు విరివిగ కొనివచ్చినది రోమనులే. ధాన్యపుకొట్లున్నచోట ఎలుక లుండును. ఎలుకలున్నచోట పిల్లి కావలెను. నాటినుండి రెండు జాతులును ప్రక్కప్రక్కనే బ్రతికినవి. కలిసిన పిల్లలు పుట్టగలవు; అయినను రెండువేల యేండ్లకు పైగా అవి కలియుట మిక్కిలి యరుదని, పాతయెముకలను పరీక్షించిన పండితులు 2023లో ప్రకటించిరి. ఐరోపాలో కొన్నిచోట్ల, స్కాట్లండులో మఱియు విశేషముగ, అడవిపిల్లులు క్షీణించి తోడు దొరకనపుడే, ఇటీవలి దశాబ్దములలో ఆ గీత చెరిగినది. దడి కూలినది, కోట కూలినది. పిల్లులు తమ యెల్లను తాము నిలుపుకొన్నవి. అడవి చాలినంత యున్నంతవరకే సుమా!

మరి ఆ పిల్లి యున్నదో లేదో తెలియుటెట్లు? అది మనిషి కంటబడదు. అందులకు జర్మనులొక యుపాయము చేసిరి. చలికాలము చివర, పిల్లులు జోడు వెదకుకొను వేళ, అడవిలో గరుకైన కొయ్యగుంజలను పాతి, వానిపై మన జటామాంసికి చుట్టమగు వలేరియను అను మూలిక రసము చిలుకరింతురు. ఆ వాసనకు మైమరచి పిల్లి వచ్చి గుంజకు ఒడలు రాచుకొనును. కొన్ని దినములకొకసారి మనిషి వచ్చి, గుంజనంటిన వెండ్రుకలను ఏరి, చిన్న సంచిలో నుంచి, తేదీయు స్థలమును వ్రాసికొని, గుంజకు మరల రసము చల్లి పోవును.